ట్యూబ్‌లైట్ కింది పిల్లి

సూరత్‌లో మా డిండోలి వైపు లేసు మ్యాచింగ్ చేసే ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు గానీ, వాళ్లందరిలో నా కన్నే మంచిదని నాకు గట్టి నమ్మకం. చీర అంచుకు కుట్టే లేసు చీర రంగులో కలిసిపోవాలి. ఎరుపే తీసుకోండి, గదిలో ఒకటేలా కనిపించే రెండు ఎరుపులు బయటికి తీసుకెళ్లేసరికి ఒకటి కుంకుమ, ఒకటి ఇటుక అయి కూర్చుంటాయి. అన్నిటికంటే మోసం చేసేది నలుపు. నీలం కలిసిన నలుపు ఉంటుంది, ఎరుపు కలిసిన నలుపు ఉంటుంది. కొత్తవాళ్లు అక్కడే బోల్తా పడతారు. మార్కెట్ నుంచి చీరల మూటలు దింపే గుమాస్తా "వినోదబెన్ కా మాల్ వాపస్ నహీ ఆతా" అనేవాడు, వినోద సరుకు తిరిగి రాదని. ఆ మాటను నేను ఎవరో ఒకరి చెవిన వేయని రోజు లేదు.

ఈ పని నాకు నేర్పింది మా అత్తమ్మ బాలవ్వ. పదిహేడేళ్లప్పుడు సిరిసిల్ల పక్క ఊరి నుంచి కోడలిగా వచ్చాను. నాకు తల్లి లేదు. ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రెండు నల్ల గుడ్డలు చేతికిచ్చి ఏది ఏదో చెప్పమంది. చెప్పలేకపోయాను. "ట్యూబ్‌లైట్ కింద రంగు సూడకు బిడ్డా, అది అబద్ధం జెప్తది. వాకిట్లకు తీస్కపోయి సూడు" అంది. పద్దెనిమిదేళ్లుగా ఆ మాట తప్పలేదు నేను. చీరల విషయంలో.

మా ఇల్లు గల్లీ చివర. కింద గది మాది, నాది, మా ఆయన రఘుపతిది, అత్తమ్మది. గల్లీ ఇరుకు, ఎదురింటి గోడ అడ్డం, సూర్యుడు మా గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు. పగలూ రాత్రీ ట్యూబ్‌లైటే. పైన డాబా మీద పత్రా రేకుల గదిలో మా మరిది ఉమాకాంత్, వాడి భార్య సంధ్యారాణి. ఆమె నాకు యారాలు. డిగ్రీ చదివింది, పెళ్లయి రెండేళ్లు. సంధ్య మీద నాకు అంతవరకూ ఏ కోపమూ లేదు. కోపం రావడానికి నా వస్తువు ఏదీ అది ముట్టుకోలేదు కదా.

రెండో కరోనా ఎండాకాలం వచ్చింది. ఏప్రిల్‌లో అత్తమ్మకు జ్వరం పట్టుకుంది. ఆసుపత్రుల ముందు జనం ఎలా పడి ఉన్నారో అందరం చూస్తూనే ఉన్నాం, ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకున్నాం. డాక్టర్ మాత్రం ఆసుపత్రి అవసరం లేదన్నాడు. విడిగా పడుకోబెట్టండి, గాలి వెలుతురు తగలనివ్వండి అన్నాడు. మా గదిలో ఆ రెండే లేవు. నాకు షుగరు, దగ్గరికి వెళ్లొద్దన్నారు. సంధ్యకు మొదటి ఏడాదే కరోనా వచ్చి పోయింది కాబట్టి అది చూసుకుంటానంది. ఉమాకాంత్ తల్లిని రెండు చేతులతో ఎత్తుకుని మెట్లెక్కించాడు. నేను మూతికి గుడ్డ కట్టుకుని కింది మెట్టు దగ్గర నిలబడ్డాను.

"పద్నాలుగు దినాలె గదనే, ఏడుస్తవేంది?" అంది ఆమె పైనుంచి, ఆయాసంతోనే.

పిల్లలిద్దరినీ బళ్లు లేవని మార్చిలోనే మా అన్న దగ్గరికి ఊరికి పంపించాం. మా ఆయన లింబాయత్‌లో సాంచాల కారఖానాకు, మరమగ్గాలు నడపడానికి పోయేవాడు. సగంమంది ఊళ్లకు పారిపోయారు, ఉన్నవాళ్లే ఇద్దరి సాంచాలు నడపాలి. ఇంటికొచ్చి తినడం, పడటం. గదిలో నేను, చీరల మూట, ఖాళీ మంచం.

మూడో రోజు పొద్దుగూకే వేళకు పిల్లి వచ్చింది. తెరిచిన తలుపులోంచి, తనదే ఇల్లన్నట్టు నడిచి వచ్చి, గ్యాస్ పొయ్యి పక్కన కూర్చుంది. నలుపు. ట్యూబ్‌లైట్ కింద దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. ఒక్క తెల్ల వెంట్రుక లేదు, ఒక్క మచ్చ లేదు. ఎడమ చెవి కొస మాత్రం ఎవరో కొరికినట్టు చిరిగి ఉంది. పాలన్నం పెట్టాను. తిని, అత్తమ్మ మంచం కింద పాత చాప మీద ముడుచుకుంది. తెల్లవారి నల్లా నీళ్లు వచ్చేసరికి వెళ్లిపోయింది. సాయంత్రం మళ్లీ వచ్చింది. కాటుక అని పేరు పెట్టాను. లేసు కుడుతూ దానికి అన్నీ చెప్పుకునేదాన్ని. పిల్లల సంగతి, షుగరు సంగతి, అత్తమ్మ వచ్చాక చేసిపెట్టాల్సిన సర్వపిండి సంగతి.

పద్నాలుగు రోజులూ అయిపోయాయి. అత్తమ్మ దిగలేదు. ఆయాసం ఇంకా ఉంది, నాలుగు రోజులు ఆగుతానంది. సరే అన్నాను. ఒకరోజు నాలుగు గంటలప్పుడు వాకిట్లో బట్టలు పిండుతుంటే పిట్టగోడ మీదుగా ఆమె గొంతు వినిపించింది.

"వినోదా! గిటు సూడే! మా పిల్లిని సూడు. రాగి చెంబు తోమినట్టె ఉన్నది!"

తలెత్తాను. ఎండ కళ్లలో కొట్టింది. ఆమె కుర్చీలో కూర్చుని ఉంది, పిట్టగోడ మీద పిల్లి సాగిలపడి ఉంది. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, అది చాలా అందంగా ఉంది. ఒళ్లంతా రాగి రంగు, డొక్కల మీద సన్నటి చారలు, ముందుకాళ్లకు గాజులు వేసినట్టు పట్టీలు. నా మనసు చివుక్కుమంది.

"మా కాడ గూడ ఉన్నదత్తమ్మా, కాటుక. ఒక్క మచ్చ లేదు దానికి" అన్నాను.

"నల్ల పిల్లా? థూ! అందుకే నాకు జరమొచ్చింది. ఎల్లగొట్టు ముందుగాల."

"నీకు జరమొచ్చినంక వచ్చింది అది."

"అయితె ఇగ నీకు తెస్తది!"

పక్కన తీగమీద బట్టలు ఆరేస్తున్న సంధ్యారాణి మాస్కు వెనక నవ్వింది. ఆ నవ్వుకు నాకు అరికాలి నుంచి మండింది. మా పిల్లి నల్లదని నవ్వుతోందన్నమాట.

ఆ రోజు నుంచీ నాకు పైన జరిగేవన్నీ వినిపించడం మొదలైంది. "సంధ్య తలకు నూనె పెడ్తె పానం లేచొచ్చినట్టు అయితది" అని అత్తమ్మ పక్క డాబా ఐలమ్మతో చెప్పడం. ఇన్నేళ్లూ ఆ తలకు నూనె పెట్టిన చేతులు ఎవరివో ఐలమ్మకైనా గుర్తుండాలి కదా! "రాగీ..." అని సంధ్య సాగదీసి పిలవడం. పిల్లితో పాటు అత్తమ్మ కూడా పలకడం. వినకూడదనుకుంటూనే కుట్టుమిషను ఆపి వినేదాన్ని.

ఊరి నుంచి పిల్లలు ఫోన్ చేశారు. "అమ్మా, పిన్ని రాగి ఫోటోలు పంపింది. మస్తుగున్నది! మన పిల్లిది గూడ పంపు" అంది నా కూతురు మంగ. ఆ సాయంత్రం కాటుకను మూట మీద కూర్చోబెట్టి పదిహేను ఫోటోలు తీశాను. అన్నిట్లోనూ చీకటి, చీకట్లో రెండు పచ్చ కళ్లు. ఉన్నవాటిలో మంచిది ఏరి పంపాను. "ఏదమ్మా పిల్లి?" అని జవాబు వచ్చింది.

ఫోన్ పక్కన పడేసి, నల్ల శాటిన్ ముక్కొకటి తెచ్చి కాటుక వీపు మీద పరిచి చూశాను. ఏది గుడ్డో ఏది పిల్లో తెలియలేదు. నీలం నలుపు, మొదటి రకం అనుకున్నాను. ఎండకు మాడిన ఆ చారల పిల్లి ఇంకెక్కడ! కానీ నేను మొదటి రకం అంటే చాలదు కదా, అత్తమ్మ అనాలి.

సర్వపిండి చేశాను. పల్లీలు, నువ్వులు, కరివేపాకు దండిగా వేసి, అడుగు ఎర్రగా కాలనిచ్చి, ఆమెకు నచ్చేట్టు. గిన్నె మెట్ల మీద పెట్టి పిలిస్తే సంధ్య తీసుకెళ్లింది. ఎలా ఉందంటుందోనని వాకిట్లో మెడ ఎత్తి నిలబడ్డాను. అత్తమ్మ మొదటి ముక్క విరిచింది. ఊదింది. పిట్టగోడ మీద పిల్లి ముందు పెట్టింది.

"రాగికి మస్తు పసందయింది వినోదా!" అని కేకేసింది.

నేను లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను. మిగిలిన సర్వపిండి నేను తినలేదు, మా ఆయనకూ పెట్టలేదు. అసూయ అంటారే, అది కడుపులో ఉంటుందని అప్పుడే తెలిసింది నాకు. అంతకుముందు మాటవరసకు అనేదాన్ని.

మర్నాడు ఉమాకాంత్ వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. "వదినె, అమ్మ పెట్టె అడుగుతున్నది."

అత్తమ్మ రేకు పెట్టె ఆమె మంచం తల దగ్గర ఉంటుంది. చీరలు, మామ ఫోటో, ఆమె కత్తెర అన్నీ అందులోనే. నేను వచ్చినప్పటి నుంచీ అది అక్కడే ఉంది.

"పెట్టె ఎందుకు? నాలుగు దినాలల్ల కిందికి వస్త అన్నది గద" అన్నాను.

"ఇగ మీదనె ఉంటదట. గాలి మంచిగున్నది అంటున్నది. పగటిపూట రాగి పక్కకు పంటె మంచిగ నిద్ర పడ్తదట" అని నవ్వాడు వాడు, అదేదో ముద్దు మాట అయినట్టు.

"రేపు ఇస్త. సర్దాలె" అన్నాను.

అన్నం వండుతూ ఆలోచించాను. అత్తమ్మను పైన పట్టి ఉంచుతున్నది సంధ్య కాదు, గాలి కాదు, ఆ పిల్లి. పిల్లి పోతే ఆమె దిగి వస్తుంది. దిగి వస్తే పెట్టె కదలదు. ఇంత చిన్న లెక్క ఇన్నాళ్లూ తట్టలేదేమని కూడా అనుకున్నాను.

మా ఆయన స్నేహితుడు కమలాకర్ కూరగాయల టెంపో నడుపుతాడు. కోరుట్ల మనిషి. అద్దానికి పాస్ అంటించుకుని రోజూ సముద్రం ఒడ్డున డుమస్ వైపు బంగళాలకు సరుకు వేసేవాడు. పొద్దున గల్లీ మొదట్లో పట్టుకున్నాను.

"అన్నా, ఒక సాయం జేయాలె. మా డాబా మీద పిల్లి ఒకటి మరిగింది. అత్తమ్మకు ఆయాసం, దాని బొచ్చు పడ్తలేదు. డాక్టర్ వద్దన్నడు. జర దూరం తీస్కపోయి ఇడ్సిపెట్టు."

మాస్కు ఉంటే అబద్ధం చెప్పడం ఎంత తేలికో ఆ ఏడాది నాకు తెలిసింది.

"గిదేం పెద్ద పని చెల్లె. గుర్తేంది దానికి?"

"రాగి రంగుది. చారలుంటయి."

మధ్యాహ్నం సంధ్య, ఉమాకాంత్ కలిసి అత్తమ్మను ఎక్స్‌రేకు తీసుకెళ్లారు. మెట్లు దిగుతూ ఆమె నా వైపు చూసి "మొకం గట్ల గుంజుకపోయిందేందే, తింటున్నవా?" అంది. తలూపాను. వాళ్ల ఆటో వెళ్లిందో లేదో కమలాకర్ గోనెసంచి, నాలుగు ఎండు చేపలు పట్టుకుని పైకి వెళ్లాడు. పైన కాళ్ల చప్పుడు, ఒక కేక. కాసేపటికి దిగి వచ్చి, మా గుమ్మం ముందు నీడలో ఆగాడు. మణికట్టు మీద రక్తం గీతలు.

"గిదేనా చెల్లె? ఒకసారి సూడు."

"చారలున్నయా?"

"ఎండల పన్నప్పుడు కనవడ్డయి. పట్టుకున్నంక యాడ సూస్త, గోకింది. మూతి ఇప్పుత, నువ్వే సూడు."

సంచి చిరుగులోంచి ఒక పంజా బయటికి వచ్చింది. నల్లగా ఉంది. సంచిలో ఏదైనా నల్లగానే ఉంటుందనుకున్నాను. అది అరిచింది. పిల్లులన్నీ ఒకేలా అరుస్తాయనుకున్నాను.

"అదేలే అన్నా, పో" అని తలుపు వేశాను.

సాయంత్రం అయ్యేసరికి పైన వెతుకులాట మొదలైంది. అత్తమ్మ పిలుస్తోంది, దగ్గుతోంది, మళ్లీ పిలుస్తోంది. నాకు సంతోషం వేసింది. ఇప్పుడు దాచి ఏం లాభం, నిజంగానే సంతోషం వేసింది. పాలన్నం కలిపి గిన్నె పొయ్యి పక్కన పెట్టి, ఈ కబురు చెప్పుకోవడానికి కాటుక కోసం ఎదురు చూశాను. అది రాలేదు.

ఆ రోజు గల్లీలో పోలీసు బండి తిరిగింది కాబట్టి భయపడి ఉంటుందనుకున్నాను. రెండో రోజు, ఇంకెవరో చేప పెట్టి ఉంటారనుకున్నాను. మూడో రోజు పాలన్నం పుల్లగా వాసన వస్తున్నా గిన్నె తీయలేదు. రంగులు నేర్పిన అత్తమ్మకు ఎంత కోడల్నైనా నాకు అసలు సంగతి తట్టలేదు చూడండి. కంటికి ఆనిన రంగును అంతగా నమ్మాను.

మే నెల మధ్యలో తుఫాను వచ్చింది. పగలే చీకటి పడింది. పైన రేకులు లేచి పడుతుంటే ఉమాకాంత్ తల్లినీ భార్యనూ కిందికి తీసుకొచ్చాడు. సముద్రం వైపు ఎవరినీ పోనివ్వడం లేదని, డుమస్‌లో చెట్లు కూలాయని చెప్పాడు. అత్తమ్మ తన మంచం మీద కూర్చుంది. పద్దెనిమిదేళ్ల నుంచి కూర్చున్న చోటే కూర్చుంది. నేను కోరుకున్నది అదే, ఇదిగో జరిగింది. ఆమె నా వైపు చూడలేదు. గోడ వైపు చూస్తూ "గీ వానల నా రాగి యాడున్నదో" అంది.

కరెంటు పోయింది. నేను పొయ్యి దగ్గర చాయ్ పెడుతుంటే సంధ్య వచ్చి పక్కన కూర్చుంది. గోడవారన ఉన్న గిన్నెను చూసింది.

"అక్కా, నీ కాడికి గూడ వస్తలేదా?" అంది మెల్లగా.

"ఏది?"

"అదే, రాగి. నువ్వు కాటుక అంటవు గద." మంచం వైపు ఒకసారి చూసి, గొంతు ఇంకా తగ్గించింది. "పొద్దంత మా కాడ ఉండి, పొద్దుమీకినంక నీ కాడికే వస్తుండె. మెట్లు దిగుతుంటె రోజు సూస్తుంటి. అత్తమ్మకు చెప్పకక్కా. నీడల నల్లదని తెలిస్తె ఉండనియ్యది. నల్ల పిల్లి పట్టింపు ఆమెకు."

నేను చాయ్ గిన్నె వైపే చూస్తున్నాను.

"నీకు తెల్వదా?" అంది అది, నిజంగానే ఆశ్చర్యపోయి. "రంగులు సూసేదానివి, నీకు తెలిసే ఉంటదనుకున్న."

చాయ్ దించాను. మంచం కింది నుంచి పాత చాప లాగాను. అల్లికలో వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. ఒకదాన్ని పీకి, గుమ్మం దగ్గరికి వెళ్లి, తలుపు ఓరగా తెరిచాను. జల్లు మొహాన కొట్టింది. ఆ మబ్బు వెలుతురులోనే వెంట్రుకను రెండు వేళ్ల మధ్య పట్టి చూశాను.

ఎరుపు నలుపు. కొత్తవాళ్లు బోల్తా పడేది.

"ఏందే, వానల ఏం సూస్తున్నవు?" అంది అత్తమ్మ వెనక నుంచి.

"ఏం లేదత్తమ్మా, దారం పోగు" అన్నాను.

తుఫాను వెళ్లాక ఉమాకాంత్ రేకులు బిగించాడు. వాళ్లిద్దరూ పైకి వెళ్లిపోయారు. అత్తమ్మ వెళ్లలేదు. "రాగి లేని కాడికి నేనెందుకు?" అంది. పెట్టె మంచం తల దగ్గర ఉంది, మనిషి మంచం మీద ఉంది. నోరు మూసుకుని ఊరుకుంటే ఇక ఎప్పటికీ ఇలాగే ఉంటుంది. ఈ సంగతి నాకు బాగా తెలుసు, అందుకే రాసి పెడుతున్నాను. ఆమె తలకు నూనె పెట్టాను. కళ్లు మూసుకుంది గానీ ప్రాణం లేచి వచ్చిందని అనలేదు.

మర్నాడు పొద్దున్నే కమలాకర్ టెంపో ఎక్కాను. దారిలో చెప్పాను. నా పిల్లినే పంపించుకున్నానని చెప్పాను, ఎందుకు పంపానో కూడా చెప్పాను. "నేను సూడుమంటి గద చెల్లె" అన్నాడు అతను.

డుమస్‌లో అన్నీ మూసి ఉన్నాయి. ఆదివారాలు జనం నిలబడి వేడి వేడి టమాటా భజియాలు తినే బండ్లన్నీ తాళ్లతో కట్టేసి ఉన్నాయి, కొన్ని పక్కకు ఒరిగాయి. సరుగుడు చెట్లు అడ్డం పడి ఉన్నాయి. సంచి విప్పింది ఇక్కడేనని కమలాకర్ చూపించాడు. ఎండు చేప చేత్తో పట్టుకుని బండి బండి దగ్గరా వంగి పిలిచాను.

"కాటుకా... కాటుకా..."

కుక్క వచ్చింది. ముసలి కాపలావాడు వచ్చి ఏం పోయిందని అడిగాడు. పిల్లి అన్నాను. ఏ రంగు అన్నాడు. నేను పక్క బండి దగ్గరికి నడిచాను.

ఎండ ఎక్కింది. గొంతు ఆరిపోయింది. ఇంకొక పిలుపు ఉందని నాకు తెలుసు. అది నా నోటికి రావడం లేదు. ఆ పేరు సంధ్య పెట్టింది, ఆ పిలుపు దానిది. ఇక వెళ్దామా అన్నాడు కమలాకర్. అప్పుడు కళ్లు మూసుకుని, సంధ్యలాగే సాగదీసి పిలిచాను.

"రాగీ..."

ఒరిగిపోయిన బండి కింద నుంచి నల్ల పిల్లి తల బయటికి వచ్చింది. మెడ దాకా నలుపే. ఒక అడుగు వేసి ఎండలోకి వచ్చింది. తల రాగి, వీపు నలుపు. ఇంకో అడుగు. డొక్కల మీద చారలు లేచాయి, కాళ్లకు గాజులు వచ్చాయి. నా కళ్ల ముందే, మూడు అడుగుల్లో, నా పిల్లి వాళ్ల పిల్లి అయిపోయింది. ఎడమ చెవి కొస తడిమి చూశాను. చిరుగు ఉంది. బాగా చిక్కిపోయింది. ఒళ్లో పెట్టుకుని అక్కడే ఇసుకలో కూర్చుని ఏడ్చాను. కమలాకర్ అటు తిరిగి నిలబడ్డాడు.

సంచిలో పెట్టలేదు, కొంగులో చుట్టుకుని తెచ్చాను. గల్లీలో టెంపో దిగి మా గుమ్మం ముందుకు వచ్చానో లేదో, మొన్న సంచి ఆగిన చోటుకు రాగానే అది నా చేతిని గీరి, దూకి, మెట్ల మీదుగా పైకి పారిపోయింది. మంచం మీది నుంచి అత్తమ్మ చూసింది.

"రాగి! నా రాగి వచ్చింది!" అని లేచింది. ఆ జ్వరం తర్వాత ఎవరి సాయమూ లేకుండా మెట్లెక్కడం అదే మొదలు. గోడ పట్టుకుని, ఆగి ఆగి, నన్ను దాటి పైకి వెళ్లిపోయింది. కాసేపటికి పైనుంచి నవ్వు వినిపించింది. ఆ నవ్వు విని నెల దాటింది.

నేను లోపలికి వెళ్లి రేకు పెట్టె ఎత్తుకున్నాను. మెట్ల మధ్యకు వచ్చేసరికి సంధ్య ఎదురొచ్చి రెండో వైపు పట్టుకుంది.

"యాడ దొరికిందక్కా?"

"డుమస్‌ల."

"డుమస్‌లనా? గంత దూరం ఎట్ల పోయింది?"

"నేనే పంపిన. కమలాకరన్నతోని, సంచిల కట్టిచ్చి." పెట్టె మా ఇద్దరి మధ్యా ఉంది, దించడానికి చోటు లేదు. "అత్తమ్మ కిందికి వస్తదని. నాది అని తెల్వదు. నీది అనుకోని పంపిన."

చివరి మాట నా నోట్లోంచి వచ్చాక గానీ అది ఎంత చెడ్డ మాటో నాకు తెలియలేదు. సంధ్య నన్నే చూసింది. దానికి మాస్కు లేదు. ముఖంలో రంగు మారింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. పెట్టె వదిలేస్తుందేమో అనుకున్నాను, వదిలేసినా తప్పు కాదనుకున్నాను.

"సంధ్యా! ఎవలే మెట్ల మీద? వినోదనా?" అని పిలిచింది అత్తమ్మ.

సంధ్య తల పైకి తిప్పి చూసి, మళ్లీ నా వైపు వంగింది. పొయ్యి దగ్గర ఎంత మెల్లగా అందో అంతే మెల్లగా, అదే గొంతుతో అంది.

"అత్తమ్మకు చెప్పకక్కా."

ఇద్దరం పెట్టె మోసుకుని పైకి వెళ్లాం. నన్ను కాపాడింది, నిజమే. అందులోనూ నాకంటే అదే పెద్దమనిషి అయిందని మళ్లీ కొంచెం మండింది. అది కూడా నిజమే.

ఆ తర్వాత కాటుక కింద గదికి రాలేదు. చేప పెట్టాను, తలుపు తీసి పెట్టాను, పిలిచాను. కింది నుంచి మూడో మెట్టు దాకా వచ్చి, గుమ్మం వైపు చూసి, వెనక్కి తిరిగిపోతుంది. అందుకని నేనే లేసుల సంచి పట్టుకుని నాలుగింటికి పైకి వెళుతున్నాను. మ్యాచింగ్‌కు అక్కడి వెలుతురు మంచిది. అత్తమ్మకు ఒక పూట నేను నూనె పెడతాను, ఒక పూట సంధ్య పెడుతుంది. పిల్లి మా మధ్య ఎండలో సాగిలపడి ఉంటుంది, తోమిన రాగి చెంబు.

అప్పుడప్పుడు అత్తమ్మ కునుకు తీసినప్పుడు, నేను కొంగు తీసి పిల్లి మీద గుడారంలా పట్టి, తల వంచి కిందికి చూస్తాను. చారలు ఆరిపోతాయి, గాజులు ఆరిపోతాయి. చెవి చిరిగిన నల్ల పిల్లి రెండు పచ్చ కళ్లతో నన్ను చూస్తుంది. చెయ్యి నొప్పి పుట్టేదాకా అలాగే పట్టుకుంటాను.

"ఏం జేస్తున్నవక్కా?" అంటుంది సంధ్య, అన్నీ తెలిసే.

"ఎండ తాకుతున్నది దానికి" అంటాను.

అది కూడా తన కొంగు రెండో వైపు పట్టుకుంటుంది.